పంపు రోజుకు ఐదు గంటలు తిరుగుతోంది: అపార్ట్‌మెంట్‌లో కరెంటూ నీళ్లూ ఎక్కడ పోతున్నాయి?

కొత్త_కార్యదర్శి | ఆదివారం, ఉదయం 8:10

అందరికీ నమస్కారం. మాది 48 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. ఆరు అంతస్తులు, రెండు లిఫ్టులు, కింద సంపు, మేడ మీద కాంక్రీటు ట్యాంకు. రెండు నెలల కిందట కమిటీ బాధ్యత తీసుకున్నాను. కామన్ మీటరు రీడింగు నెలనెలా పెరుగుతూనే ఉంది. ఇంకోపక్క ఎండలు ముదిరితే చాలు, సంపు అడుగంటుతోంది.

నిన్న మీటింగు పెడితే రెండు గంటలు వాదనలకే సరిపోయింది. ఒకరు మెట్ల లైట్లన్నారు, ఒకరు లిఫ్టులన్నారు. కింది అంతస్తుల వాళ్లు నీళ్లు పారబోస్తున్నారని పై వాళ్లు అన్నారు. కింది వాళ్లు ఊరుకుంటారా? సోలార్ పెట్టించేస్తే అన్నీ సర్దుకుంటాయని మరొకరు. చివరికి ‘నీటిని పొదుపుగా వాడండి’ అని లిఫ్టులో కాగితం అంటించడం ఒక్కటే తీర్మానమైంది. కాగితంతో పని జరగదని నాకూ తెలుసు. మీ దగ్గర నిజంగా పనికొచ్చినవి ఏమిటి? ముందు దేనితో మొదలుపెట్టాలి?

ఎండపలక | ఆదివారం, ఉదయం 8:42

సోలార్ మంచిదే, మా మేడ మీద నాలుగేళ్లుగా ఉంది. కానీ దాన్ని ఆఖర్న పెట్టుకోండి. ఇప్పుడున్న వాడకాన్ని బట్టి ప్యానెళ్లు తీసుకుంటే, వృథా అయ్యే కరెంటుకి కూడా ప్యానెళ్లు కొన్నట్టే. ముందు వాడకం తగ్గించుకుంటే చిన్న ప్లాంటు సరిపోతుంది. కిలోవాటుకి, నడిచే దారితో కలిపి, దాదాపు 10 చదరపు మీటర్ల చోటు కావాలి. మేడ మీద ట్యాంకు నీడ ఎటు పడుతుందో ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం మూడుసార్లు చూసుకోండి. వరసలో ఒక్క ప్యానెల్ మీద నీడ పడ్డా ఆ వరస మొత్తం ఉత్పత్తి పడిపోవచ్చు.

నీటిలెక్క | ఆదివారం, ఉదయం 9:30

కార్యదర్శి గారూ, మీటింగులో అందరూ చెప్పినవి అభిప్రాయాలే. ఒక్కరూ అంకె చెప్పలేదు. నేను ఉద్యోగమంతా పంపుల దగ్గరే గడిపాను కాబట్టి నా దృష్టి ముందు అటే పోతుంది. మీ పంపు ఎన్ని హార్స్ పవర్? రోజుకు ఎంతసేపు తిరుగుతుంది?

ఈలోగా ఒక లెక్క చెబుతాను. 1000 లీటర్ల నీటిని 30 మీటర్ల ఎత్తుకు ఎక్కించడానికి కచ్చితంగా కావలసిన శక్తి 2,94,300 జౌళ్లు. ఒక యూనిట్ కరెంటు అంటే 36 లక్షల జౌళ్లు. అంటే వెయ్యి లీటర్లకు 0.08 యూనిట్. పంపూ మోటారూ కలిపి 40 శాతం సామర్థ్యంతో పనిచేసినా 0.2 యూనిట్ చాలు. మీది ఆరంతస్తులు. సంపు అడుగు నుంచి ట్యాంకు మూతి దాకా ఎత్తు, పైపుల్లో రాపిడి అన్నీ కలిపి 30 మీటర్లు అనుకుందాం. 48 ఇళ్లు, ఇంటికి సగటున మూడున్నర మంది, మనిషికి రోజుకు 150 లీటర్లు. మొత్తం 25 వేల లీటర్లు. దానికి రోజుకు 5 యూనిట్లు సరిపోవాలి.

కొత్త_కార్యదర్శి | ఆదివారం, ఉదయం 11:05

నీటిలెక్క గారూ, మోటారు 5 హార్స్ పవర్. వాచ్‌మన్ తెల్లవారుజామున రెండున్నర గంటలు, సాయంత్రం రెండున్నర గంటలు వేస్తాడు. ఎప్పటినుంచో అదే అలవాటు. మీరు రాసింది చదివి, ఇందాకే లిఫ్టులు ఆపి, మెట్ల లైట్లు తీసేసి, గంటసేపు పంపు ఒక్కటే వేసి కామన్ మీటరు చూశాను. 4.4 యూనిట్లు తిరిగింది. అంటే రోజుకు 22 యూనిట్లు!

నీటిలెక్క | ఆదివారం, ఉదయం 11:20

5 సరిపోవలసిన చోట 22. ఇక లైట్ల సంగతి తర్వాత చూసుకోవచ్చు. కారణాలు రెండే ఉంటాయి: పంపు సరిగా ఎక్కించకపోవడం, లేదా ఎక్కించిన నీళ్లు ఎక్కడో పోతుండడం. రెండూ కలిసి కూడా ఉండొచ్చు. విడివిడిగా కొలుద్దాం.

మొదటిది పంపు. ట్యాంకు కొలతలు తీసుకోండి. ట్యాంకు నుంచి ఇళ్లకు వెళ్లే వాల్వులన్నీ పది నిమిషాలు కట్టేయించి, అంతసేపూ పంపు వేసి, నీటి మట్టం ఎన్ని సెంటీమీటర్లు పెరిగిందో చూడండి. వాల్వులు కట్టకపోతే వాడకం కలిసిపోయి లెక్క తప్పుతుంది. ఇళ్లవాళ్లకు ముందే చెప్పండి.

రెండోది రాత్రి పరీక్ష. ఒంటిగంటకు ఒకసారి, నాలుగు గంటలకు ఒకసారి మట్టం కొలవండి. మధ్యలో పంపు వేయకూడదు. ఆ వేళ దాదాపు అందరూ నిద్రలో ఉంటారు కాబట్టి మట్టం దిగిందంటే ఎక్కువ భాగం లీకే. మనిషి ట్యాంకులోకి దిగొద్దు, మూత దగ్గర ఒంటరిగా ఉండొద్దు. టార్చి ఒకరు పట్టుకుంటే టేపు ఇంకొకరు వదలాలి.

మొదటి_అంతస్తు | ఆదివారం, మధ్యాహ్నం 1:15

నేనూ ఒక అపార్ట్‌మెంట్‌లో మొదటి అంతస్తులోనే ఉంటాను. ‘కింది వాళ్లు పారబోస్తున్నారు’ అనే మాట నాకు బాగా అలవాటు. మా కుళాయి కాస్త తిప్పితే చాలు, నీళ్లు బకెట్‌లో పడి ఎగిరి గోడకు తగులుతాయి. గిన్నె కడిగితే సగం నీళ్లు నా చీర మీదే. పైన ఆరో అంతస్తులో ఉండే మా వదినగారింట్లో అదే కుళాయి సన్నగా వస్తుంది. మేం కావాలని పారబోస్తున్నామా చెప్పండి?

నీటిలెక్క | ఆదివారం, మధ్యాహ్నం 1:50

అమ్మా, మీ తప్పు లేదు. ట్యాంకు ఎంత ఎత్తులో ఉంటే కింద అంత ఒత్తిడి. పది మీటర్లకు సుమారు ఒక బార్. ఆరో అంతస్తు కుళాయి ట్యాంకుకి 3 మీటర్ల దిగువన ఉంటే, మొదటి అంతస్తు కుళాయి 18 మీటర్ల దిగువన ఉంటుంది. ఒత్తిడి ఆరు రెట్లు. అదే కుళాయి, అంతే తిప్పినా, ధార ఒత్తిడి వర్గమూలం లెక్కన పెరుగుతుంది, అంటే దాదాపు రెండున్నర రెట్లు. కింది అంతస్తుల వాళ్లు నీళ్లు ఎక్కువ వాడుతున్నారంటే కారణం వాళ్ల స్వభావం కాదు, కట్టడం. కొత్త భవనాల్లో కింది అంతస్తులకు వెళ్లే పైపు మీద ఒత్తిడి తగ్గించే వాల్వు పెడతారు. పాత వాటికి కూడా తర్వాత పెట్టించుకోవచ్చు.

పాతికేళ్ల_ప్లంబర్ | ఆదివారం, మధ్యాహ్నం 2:30

మేడం, ఆ వాల్వు వచ్చేదాకా ఆగక్కర్లేదు. సింకు కింద, వాష్ బేసిన్ కింద గోడకి ఒక చిన్న వాల్వు ఉంటది, యాంగిల్ కాక్ అంటాం. దాన్ని సగం కట్టెయ్యండి. ఒక్క పైసా ఖర్చు లేదు. ధార మీకు సరిపడా వచ్చేదాకా తిప్పుకోండి, తర్వాత ముట్టుకోవద్దు. గిన్నెలు కడిగే కుళాయికి చివర్న జల్లెడలాంటి ఏరేటర్ బిగించుకోండి. మామూలు కుళాయి నిమిషానికి 10 లీటర్ల పైన పోస్తది, ఏరేటర్ పెడితే ఐదారు లీటర్లకి వస్తది. గాలి కలిసి ధార నిండుగానే కనపడతది. నెలకోసారి విప్పి వెనిగర్‌లో నానబెట్టి పెట్టండి, సున్నం పట్టేస్తే జనం తీసి పారేస్తారు.

బకెట్ నింపే కుళాయికి మాత్రం ఏరేటర్ పెట్టొద్దు. బకెట్ ఎట్లయినా నిండాల్సిందే, ఊరికే ఆలస్యం అవుద్ది.

అద్దెవాసి | ఆదివారం, సాయంత్రం 6:20

నాది ఇంకో కోణం. మా బాత్రూంలో ఫ్లష్ ట్యాంకు నుంచి ఎప్పుడూ సన్నగా నీళ్లు కారుతుంటాయి. మూడు నెలల నుంచి ఓనరుకి చెబుతున్నాను. ‘మెయింటెనెన్స్‌లో కలిసే నీళ్లే కదా, పోనీలే’ అంటారు. బాగుచేయించే హక్కు నాకు లేదు, బిల్లు వచ్చేది ఆయనకు కాదు. మధ్యలో నీళ్లు పోతూనే ఉన్నాయి. రాత్రి ఆ చప్పుడు వింటూ పడుకోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. దక్షిణాఫ్రికాలో కరువొచ్చినప్పుడు, 2018 ఫిబ్రవరి 1 నుంచి కేప్‌టౌన్ నగరం మనిషికి రోజుకు 50 లీటర్లే అని పరిమితి పెట్టింది. మా బాత్రూంలో మనిషి ముట్టుకోకుండానే అన్ని నీళ్లు పోతున్నాయేమో.

పాతికేళ్ల_ప్లంబర్ | ఆదివారం, సాయంత్రం 6:45

సార్, 50 కాదు, ఇంకా ఎక్కువే పోవచ్చు. చప్పుడు వినపడే లీకు ఒక రకం, వినపడనిది ఇంకో రకం. రెండోదే ప్రమాదం. ఫ్లష్ ట్యాంకు మూత తీసి కాస్త రంగు కలపండి, వంటల్లో వాడేదైనా సరే. ఇరవై నిమిషాలు ఎవరూ నొక్కకుండా చూడండి. కింద కమోడ్‌లో రంగు కనపడితే లోపలి రబ్బరు వాషరు అరిగిందన్నమాట. ఆ వాషరు అరచేతిలో సగం కూడా ఉండదు, మార్చడానికి పావుగంట. మీ ఓనరు కోసం ఆగొద్దు, మీరే మార్పించేసి పాత వాషరు ఫోటో ఆయనకి పంపండి.

ఇంకోటి, పాత ఫ్లష్ ట్యాంకులు ఒక్కసారికి 10 లీటర్లు, ఆపైన కూడా వదుల్తయ్. ఇప్పుడు వచ్చే రెండు బటన్లవి చిన్నదానికి 3, పెద్దదానికి 6 లీటర్లు. మార్చే వీలు లేనోళ్లు లీటరు సీసా నిండా నీళ్లు పోసి మూత బిగించి ట్యాంకులో నిలబెట్టండి, ప్రతిసారీ లీటరు మిగుల్తది. ఇటుక మాత్రం వెయ్యొద్దు. నానిపోయి పొడి రాలి వాల్వులో ఇరుక్కుంటది.

కొత్త_కార్యదర్శి | సోమవారం, ఉదయం 7:15

రాత్రి నిద్ర లేదు, అయినా సంతోషంగా ఉంది.

ట్యాంకు నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు. అంటే ఒక సెంటీమీటరుకి 120 లీటర్లు. ముందు పంపు పరీక్ష. పది నిమిషాల్లో మట్టం పెరిగింది 15 సెంటీమీటర్లు.

ఆ తర్వాత రాత్రి ఒంటిగంటకు నేనూ, ఐదో అంతస్తు కుర్రాడూ మేడెక్కాం. వాడు టార్చి పట్టుకున్నాడు, నేను మూతలోంచి స్టీలు టేపు వదిలాను. టేపు చివర నీళ్లకు తగలగానే చిన్న అల లేస్తుంది, అది సద్దుమణిగేదాకా ఆగి చదవాలి. రాసుకుని కిందికి దిగి, మళ్లీ నాలుగింటికి ఎక్కాం. భవనమంతా చీకటి, ఒక్క కిటికీలోనూ లైటు లేదు. టేపు వదిలితే 18 సెంటీమీటర్లు దిగిపోయింది! వాడు నమ్మలేదు, తనే ఇంకోసారి కొలిచాడు. అంతే వచ్చింది. మూడు గంటల్లో 2,160 లీటర్లు. ఊరంతా నిద్రపోతుంటే.

నీటిలెక్క | సోమవారం, ఉదయం 8:00

మీ ఇద్దరికీ అభినందనలు. చాలా చక్కగా కొలిచారు. ఇప్పుడు చూడండి.

పంపు: పది నిమిషాలకు 1,800 లీటర్లు, అంటే గంటకు 10,800. అన్ని నీళ్లను 30 మీటర్లు ఎక్కించడానికి కావలసింది గంటకు 0.88 యూనిట్. మీరు ఖర్చు పెడుతున్నది 4.4. సామర్థ్యం 20 శాతం. సగటు పంపులో సగం కూడా చెయ్యడం లేదు.

నీళ్లు: గంటకు 10,800 చొప్పున ఐదు గంటలకు 54 వేల లీటర్లు. మనం వేసుకున్న వాడకం 25 వేలు. రాత్రి లీకు గంటకు 720 లీటర్లు, రోజంతా అదే ధారలో పోతే 17 వేలు. అందులో రాత్రి లేచి బాత్రూంకు వెళ్లిన వాళ్ల వాడకం కొంత కలిసి ఉంటుంది. వాడకం, లీకు రెండూ కలిపినా 42 వేలే. ఇంకా 12 వేల లీటర్లు లెక్క తేలలేదు. ట్యాంకు పొంగి పోతోందేమో చూశారా?

కొత్త_కార్యదర్శి | సోమవారం, ఉదయం 8:20

పొంగడం ఎవరూ ఎప్పుడూ చూడలేదండీ. గోడల వెంట నీళ్లు కారవు, మేడ మీద తడి ఉండదు.

పాతికేళ్ల_ప్లంబర్ | సోమవారం, ఉదయం 8:35

సార్, ట్యాంకు పైన పొంగు పైపు ఎటు పోతుందో చూడండి. చాలా బిల్డింగుల్లో దాన్ని తీసుకెళ్లి వాన నీటి పైపులో కలిపేస్తారు, చూడ్డానికి నీటుగా ఉంటుందని. అప్పుడు ఎంత పొంగినా ఎవడి కంటికీ కనపడదు, నేరుగా కాలవలోకి పోతది. పంపు ఆపే పది నిమిషాల ముందు కింద వాన పైపు మూతి దగ్గర చెయ్యి పెట్టి చూడండి.

కొత్త_కార్యదర్శి | సోమవారం, రాత్రి 7:50

చెయ్యి పెట్టాను. వాన పడి ఎన్నాళ్లయిందో, అయినా పైపు మూతిలోంచి మణికట్టంత లావు ధార! పంపు ఆపడానికి అరగంట ముందు మొదలైంది, పంపు ఆపాకే ఆగింది. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట. గంటకు 10,800 అన్నారు కదా, సరిగ్గా అన్ని నీళ్లు రోజూ కాలవలో కలుస్తున్నాయి. వాచ్‌మన్‌ని అనడానికేమీ లేదు. ఎన్ని గంటలు వెయ్యమన్నామో అన్ని గంటలు వేశాడు. ట్యాంకు నిండితే తనంతట ఆగే ఏర్పాటు మేమే పెట్టలేదు.

ఫ్లోట్ స్విచ్ రేపే పెట్టిస్తున్నాను. పొంగు పైపుని వాన పైపు నుంచి విడదీసి, వాచ్‌మన్ కుర్చీకి ఎదురుగా గోడ మీద, అందరికీ కనపడేలా దింపిస్తాను.

నీటిలెక్క | సోమవారం, రాత్రి 8:10

రెండు స్విచ్‌లు పెట్టించండి. ఒకటి పైన ట్యాంకులో, ఒకటి సంపులో. సంపు ఖాళీ అయినప్పుడు పంపు ఆగకపోతే నీళ్లు లేకుండా తిరిగి సీలు కాలిపోతుంది.

తాజా_చదువరి | మంగళవారం, ఉదయం 10:00

మా దగ్గర ఒక అమ్మకందారు వచ్చి, పంపు వేగం మార్చే వీఎఫ్‌డీ పెట్టుకుంటే కరెంటు సగం మిగులుతుందన్నారు. వేగం 80 శాతానికి తగ్గిస్తే కరెంటు 51 శాతానికి పడిపోతుందని లెక్క కూడా చూపించారు. ఇది నిజమేనా?

నీటిలెక్క | మంగళవారం, ఉదయం 10:40

లెక్క నిజమే, కానీ వర్తించేది ఇక్కడ కాదు. వేగానికి ఘనం చొప్పున కరెంటు తగ్గేది పంపు పని అంతా రాపిడిని దాటడానికే అయినప్పుడు, అంటే ఏసీ ప్లాంటులో నీళ్లు ఒకే చుట్టులో తిరుగుతుంటాయే, అలాంటి చోట. మన పంపు చేసే పనిలో ఎక్కువ భాగం ఎత్తు ఎక్కించడం. వేగం తగ్గించినంత మాత్రాన ఎత్తు తగ్గదు. మరీ తగ్గిస్తే నీళ్లు మేడ దాకా ఎక్కనే ఎక్కవు, మోటారు మాత్రం తిరుగుతుంటుంది. కింది సంపు నుంచి నేరుగా కుళాయిలకు ఒత్తిడితో పంపే ఏర్పాటు ఉన్న భవనాల్లో వీఎఫ్‌డీ ఉపయోగపడుతుంది, అక్కడ వాడకం క్షణక్షణం మారుతుంది కాబట్టి. సంపు నుంచి ట్యాంకుకి ఎక్కించే పంపుకైతే, సరైన పంపు ఎంచుకుని దాన్ని శుభ్రంగా ఉంచుకోవడమే మేలు.

లిఫ్టుమనిషి | మంగళవారం, మధ్యాహ్నం 12:30

లిఫ్టుల గురించి అందరూ ఏదో ఒకటి అంటారు, లోపల ఏం జరుగుతుందో చెబుతాను. లిఫ్టు పెట్టెకి అవతలి పక్క తాళ్లకు ఒక బరువు వేలాడుతుంటుంది. ఆ బరువు ఖాళీ పెట్టె బరువు, దాని మీద పూర్తి లోడులో 40 నుంచి 50 శాతం. అందుకని ఒక్క మనిషి పైకి వెళ్తున్నప్పుడు మోటారుకి శ్రమ చాలా తక్కువ, అవతలి బరువే లాగుతుంది. ఖాళీ పెట్టె కిందికి దిగేటప్పుడే మోటారు ఆ బరువుని పైకి ఎత్తాలి. ఖాళీగా కిందికి రప్పించడం ఉచితం అనుకుంటారు, కాదు. రెండు లిఫ్టులూ ఒకేసారి పిలవొద్దు అనేది ఇందుకే. రెండింటికీ కలిపి ఒకే కంట్రోల్ పెట్టిస్తే దగ్గరున్నదే వస్తుంది.

అయితే మీలాంటి 48 ఇళ్ల భవనంలో లిఫ్టు రోజులో ఎక్కువసేపు ఊరికే నిలబడే ఉంటుంది. పెట్టెలో లైటు, ఫ్యాను మాత్రం ఇరవైనాలుగు గంటలూ. ఎవరూ లేనప్పుడు ఆ రెండూ ఆగిపోయే సెట్టింగు చాలా కంట్రోలర్లలో ముందే ఉంటుంది, ఎవరూ ఆన్ చెయ్యరు. ఈసారి సర్వీసుకి వచ్చినవాళ్లను అడిగి మీ ఎదుటే ఆన్ చేయించండి. 

మేడమొక్క | మంగళవారం, సాయంత్రం 5:00

లైట్ల విషయం రెండు మాటల్లో. పాత ట్యూబులైట్ చోకుతో కలిపి 50 వాట్ల దాకా లాగుతుంది, ఎల్ఈడీ ట్యూబు 20 వాట్లు. పార్కింగులో మనిషి కదిలితే వెలిగే సెన్సార్లు పెట్టుకోవచ్చు, కానీ పూర్తిగా ఆరిపోయేవి వద్దు. మా దగ్గర అలా పెడితే పెద్దావిడ ఒకరు చీకట్లో మెట్టు కనపడక పడిపోయారు. ఎవరూ లేనప్పుడు మందంగా, మనిషి రాగానే పూర్తిగా వెలిగేవి ఉంటాయి, అవే తీసుకోండి. మెట్లకైతే సెన్సారు కంటే ముందు, పగలు కిటికీ వెలుతురు చాలే చోట లైటు ఆపేస్తే చాలు.

ఇక వాన నీళ్లు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మేడ 400 చదరపు మీటర్లు ఉండి 25 మిల్లీమీటర్ల వాన కురిస్తే 10 వేల లీటర్లు. ఇంకిందీ ఆవిరైందీ పోగా 8 వేలు చేతికొస్తాయి. మొదటి ఒకటి రెండు మిల్లీమీటర్ల వాన మేడ మీది దుమ్ము, పక్షుల రెట్టలు కడుక్కుపోతుంది, దాన్ని బయటికి వదిలేసి ఆ తర్వాతి నీళ్లే సంపుకి మళ్లించాలి. పైపులో ఆ వాల్వు తిప్పే మనిషి ఎవరో వానలకు ముందే తేల్చుకోండి. మా దగ్గర అంతా బాగా కట్టారు, తిప్పేవాళ్లు లేక రెండు వర్షాకాలాలు వృథా అయ్యాయి.

మొదటి_అంతస్తు | మంగళవారం, సాయంత్రం 5:40

వేడినీళ్ల గురించి ఎవరూ రాయలేదు. మాకు మేడ మీద సోలార్ హీటర్ ఉంది. పొద్దున్నే కుళాయి తిప్పితే వేడినీళ్లు వచ్చేదాకా చల్లనీళ్లు పోతూనే ఉంటాయి. ఒకరోజు కుతూహలం కొద్దీ ఆ నీళ్లను బకెట్‌లో పట్టి మగ్గుతో కొలిచాను. ఏడు లీటర్లు! ఇప్పుడు రోజూ ఆ బకెట్‌తోనే ఇల్లు తుడుస్తున్నాను.

నీటిలెక్క | మంగళవారం, సాయంత్రం 6:05

అమ్మా, మీ కొలత చాలా బాగా సరిపోయింది. 20 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న పైపులో మీటరుకి 0.31 లీటర్ల నీళ్లు పడతాయి. మేడ నుంచి మీ ఇంటికి 22 మీటర్ల పైపంటే దాదాపు ఏడు లీటర్లే. రాత్రంతా పైపులో చల్లారిన నీళ్లవి. పైపుకి ఇన్సులేషన్ తొడుగు వేస్తే ఒకరి తర్వాత ఒకరు స్నానం చేసేటప్పుడు మధ్యలో చల్లారవు. మొదటి బకెట్‌కి మాత్రం మీ పద్ధతే సరైనది. ఇంట్లో గీజరైతే, 15 లీటర్లను 25 డిగ్రీల నుంచి 60కి తేవడానికి 0.6 యూనిట్ అవుతుంది. ఒక్కొక్కరుగా గంట గంటకూ వేసుకోకుండా వరసగా స్నానాలు చేస్తే మేలు. ఒక జాగ్రత్త: అందరికీ కలిపి పెద్ద ట్యాంకులో వేడినీళ్లు నిల్వచేసే చోట పొదుపు కోసం 60 డిగ్రీల కంటే తగ్గించకండి. గోరువెచ్చని నిల్వ నీటిలో లీజియొనెల్లా బాక్టీరియా పెరుగుతుంది.

అద్దెవాసి | బుధవారం, ఉదయం 9:00

ఒక ప్రశ్న. ఫ్లాటుకో నీటి మీటరు పెడితే ఈ గొడవలన్నీ పోతాయి కదా? ఎవరు వాడినంత వాళ్లు కడతారు.

నీటిలెక్క | బుధవారం, ఉదయం 9:45

మీటర్లు పనిచేస్తాయి, అందులో సందేహం లేదు. 2004లో అమెరికాలో అపార్ట్‌మెంట్ల మీద జాతీయ స్థాయిలో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. ఫ్లాటుకో మీటరు పెట్టి వాడినంతకే బిల్లు వేసిన చోట వాడకం 15.3 శాతం తగ్గింది. మీటరు లేకుండా మనుషుల సంఖ్యను బట్టో, విస్తీర్ణాన్ని బట్టో పంచిన చోట లెక్కలోకి తీసుకోదగ్గ తగ్గుదల కనబడలేదు. పంచడం వేరు, కొలవడం వేరు.

కానీ పాత భవనాల్లో ఒక ఫ్లాటుకి వంటింటికో పైపు, బాత్రూంకో పైపు, ఇలా మూడు నాలుగు చోట్ల నుంచి నీళ్లు వస్తాయి. ఫ్లాటుకి మూడు నాలుగు మీటర్లు కావాలి. అందుకని ముందు షాఫ్టుకో, అంటే మేడ నుంచి ఇళ్లకు నీటి పైపులు దిగే ఒక్కో గూడుకో మీటరు పెట్టండి, నాలుగే సరిపోతాయి. ఏ వైపు ఎక్కువ పోతుందో తెలిస్తే సగం పని అయినట్టే.

పాతికేళ్ల_ప్లంబర్ | బుధవారం, ఉదయం 10:10

మీటరు పెట్టేముందు లీకులు ఆపండి సార్. లేకపోతే అద్దెకున్నోళ్లు ఓనర్ల లీకుకి బిల్లు కట్టాల్సొస్తది. ఇంకో మాట, వాడిన నీళ్లు శుద్ధి చేసి ఫ్లష్‌కి పంపే బిల్డింగుల్లో ఏ పైపు ఏదో రంగు వేసి ఉంచండి. ఒక చోట రిపేరుకి వెళ్తే తెలియక ఎవరో రెండు పైపులూ కలిపేశారు, వారం రోజులు జనం ఆ నీళ్లతో పళ్లు తోముకున్నారు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తది.

కొత్త_కార్యదర్శి | శనివారం, రాత్రి 9:30

వారం రోజుల సంగతులు చెబుతాను.

బుధవారం రాత్రి నాలుగు షాఫ్టుల వాల్వులూ కట్టేసి గంటసేపు చూశాం. మట్టం కదల్లేదు. అంటే ట్యాంకు గట్టిగానే ఉంది, లీకు ఇళ్లవైపే. తర్వాత ఒక్కో షాఫ్టు గంట చొప్పున తెరిచాం, రెండు రాత్రులు పట్టింది. మిగిలిన మూడూ కలిపి గంటకు 2 సెంటీమీటర్లు. మూడో షాఫ్టు ఒక్కటే 4 సెంటీమీటర్లు, గంటకు 480 లీటర్లు!

మూడో షాఫ్టులో 12 ఫ్లాట్లు. శుక్రవారం పొద్దున రంగు సీసాతో తలుపు తలుపూ తట్టాం. ఐదు ఇళ్లలో ఫ్లష్ వాషర్లు పోయాయి. ఒక ఫ్లాటు మాత్రం ఏడాదిగా తాళం వేసి ఉంది. తలుపుకి చెవి ఆనించి వింటే లోపల నీళ్ల చప్పుడు. ఓనరుకి ఫోన్ చేసి, ఆయన అనుమతితో తాళం తీయించాం. లోపలి బాత్రూంలో ఫ్లష్ ట్యాంకులో తేలే బంతి విరిగి అడుగున పడి ఉంది, నీళ్లు ఆగకుండా కమోడ్‌లోకి పోతున్నాయి. మగ్గు పెట్టి కొలిస్తే నిమిషానికి 5 లీటర్లు. గంటకు 300. మనిషి లేని ఇంట్లో, ఎన్ని నెలల నుంచో! ఐదో అంతస్తు కుర్రాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇకనుంచి తాళం వేసి వెళ్లే ఇళ్లకు బయటి వాల్వు కట్టేసి వెళ్లాలని కమిటీలో రాసుకున్నాం.

పంపు కూడా విప్పించాం. లోపలి చక్రానికి వేలి మందాన సున్నం. పైకి వెళ్లే పైపులో నీళ్లు వెనక్కి రాకుండా ఆపే వాల్వు తుప్పుపట్టి సగమే తెరుచుకుంటోంది. అది మార్చి, చక్రం శుభ్రం చేయించి మళ్లీ పరీక్ష చేశాం. పది నిమిషాలకు 15 ఉన్నది 26 సెంటీమీటర్లు పెరిగింది. గంటకు కరెంటు 4.6 యూనిట్లు. ఇవాళ పంపు మొత్తం తిరిగింది గంటా నలభై నిమిషాలు. 22 యూనిట్ల చోట 8 లోపే.

నీటిలెక్క | శనివారం, రాత్రి 9:50

రోజుకు 14 యూనిట్లు, 22 వేల లీటర్లు! ఇంకా ఒక్క లైటూ మార్చలేదు, ఎవరినీ తక్కువ నీళ్లతో స్నానం చెయ్యమనలేదు. పంపు సామర్థ్యం 33 శాతానికి వచ్చింది, ఇంకా పెరగొచ్చు. చక్రం అంచులు అరిగాయేమో ఈసారి చూపించండి. ఆ కుర్రాడికి నా తరఫున ప్రత్యేకంగా చెప్పండి.

అద్దెవాసి | శనివారం, రాత్రి 10:05

ప్లంబర్ గారు చెప్పినట్టు వాషరు నేనే మార్పించాను. ఫోటో పంపితే ఓనరు ఈ నెల అద్దెలో తగ్గించుకోమన్నారు. రాత్రి బాత్రూం నిశ్శబ్దంగా ఉంది.

కొత్త_కార్యదర్శి | శనివారం, రాత్రి 10:20

లిఫ్టులో అంటించిన కాగితం తీసేశాను. దాని చోట రోజూ పొద్దున రెండు అంకెలు రాస్తున్నాం: నిన్న పంపు ఎన్ని గంటలు తిరిగింది, రాత్రి మట్టం ఎన్ని సెంటీమీటర్లు దిగింది. పిల్లలే వచ్చి ఇవాళ ఎంత అని అడుగుతున్నారు. మిగిలిన మూడు షాఫ్టుల్లో ఇంకా గంటకు 2 సెంటీమీటర్లు పోతోంది. రేపు రాత్రి ఒంటిగంటకు మొదటి షాఫ్టు చూస్తాం. ప్లంబర్ గారూ, ఇళ్లన్నీ బాగానే ఉండి గోడ లోపలి పైపే కారుతుంటే దాన్ని పగలగొట్టకుండా కనిపెట్టే దారి ఏదైనా ఉందా?

పాతికేళ్ల_ప్లంబర్ | శనివారం, రాత్రి 10:40

ఉంది సార్. పొడుగాటి స్క్రూడ్రైవరు తీసుకుని, మొన పైపుకి, పిడి చెవికి ఆనించండి. రాత్రిపూట అంతా సద్దుమణిగాక వినాలి. లీకు దగ్గరయ్యే కొద్దీ బుస కొట్టినట్టు వినపడతది. ముందు అంతస్తుకి ఒక చోట వినుకుంటూ దిగండి. ఎక్కడ గట్టిగా వస్తే అక్కడ సుద్దతో గుర్తు పెట్టండి, తర్వాత చూద్దాం.